పన్నెండు వోల్టుల సైగ

ఉదయం ఐదున్నర. తాతయ్యకి సుప్రభాతం వినాలని ఉంది. చేతిలో రిమోటు ఉంది. నొక్కగానే రిసీవర్ వెలిగింది. టీవీ తెరమీద పాటల పేర్లు బారులు తీరాయి. పాట మాత్రం వినిపించదు! ఎందుకంటే, స్పీకర్లకి ఊపిరి పోయాల్సిన రెండు పవర్ ఆంప్లిఫయర్లూ కింది అరలో, అద్దం తలుపు వెనకాల ఇంకా నిద్రలోనే ఉన్నాయి. వాటి స్విచ్చులు పెట్టెల వీపుమీద ఉంటాయి. వంగాలి, చెయ్యి లోపలికి పోనివ్వాలి, తడిమి తడిమి నొక్కాలి. మోకాలి ఆపరేషనై ఆర్నెల్లు కూడా కాని మనిషికి అయ్యే పనేనా?

'రాత్రే ఆన్ చేసి పెట్టేస్తాలెండి మామయ్యా' అంది కోడలు. సమస్య తీరిపోయింది. తాతయ్య రోజూ పొద్దున్నే పాటలు వింటున్నాడు. కానీ ఆ తరవాత వాటిని ఆపేదెవరు? కొడుకు ఆఫీసుకి, కోడలు స్కూలుకి, మనవడు కాలేజీకి. వాళ్లంతా సాయంత్రం వచ్చేసరికి ఆ అద్దం తలుపు ముట్టుకుంటే వెచ్చగా తగిలేది. నెల తిరిగి బిల్లు చేతికొచ్చేసరికి ఆ వేడి ఇంకాస్త బాగా తగిలింది.

హోమ్ థియేటర్ మీద మక్కువతో విడివిడిగా పెట్టెలు కొని అమర్చుకున్న చాలా ఇళ్లలో ఇదే కథ. దీనికి మందు ఆ పెట్టెల వెనకాలే ఉంటుంది. వేలి గోరంత రంధ్రం. దానిమీద 'ట్రిగ్గర్' అని రాసి ఉంటుంది. పెట్టె కొన్న రోజునుంచీ అక్కడే ఉన్నా దాని మొహం చూసేవాళ్లు తక్కువ.

రిమోటు మాట అన్నిటికీ వినపడదు

మామూలు మ్యూజిక్ సిస్టమైతే అంతా ఒకే పెట్టె. రిమోటు నొక్కితే పాట, మళ్లీ నొక్కితే నిశ్శబ్దం. పెద్ద స్పీకర్లు పెట్టుకున్నప్పుడే చిక్కు. ఏ పాట, ఏ సినిమా, ఎంత శబ్దం అనేది తేల్చే పని రిసీవర్‌ది లేదా ప్రీ ఆంప్లిఫయర్‌ది. అదిచ్చే బలహీనమైన సంకేతాన్ని పెంచి, స్పీకర్ కోను కదిలేంత బలం ఇచ్చే పని పవర్ ఆంప్లిఫయర్‌ది. మొదటిది మెదడైతే రెండోది కండ. ఈ కండల పెట్టెల్లో చాలావాటికి రిమోటే ఉండదు. బరువైన ట్రాన్స్‌ఫార్మరు, పెద్ద కెపాసిటర్లు, వేడిని బయటికి పంపే అల్యూమినియం రెక్కలు... అంతే సరంజామా.

పోనీ, రిమోటు ఉన్నా తలుపు వేసిన అరలోకి దాని మాట వెళ్లదు. మనిళ్లలో ఎక్కువగా వాడే రిమోటు పరారుణ కాంతితో పనిచేస్తుంది. కంటికి కనపడదుగానీ అదీ వెలుతురే. చెక్క తలుపు అడ్డొస్తే ఆగిపోతుంది. ఈ తిప్పలు రిమోటుతోపాటే పుట్టాయి. అమెరికాలో జెనిత్ సంస్థ 1955లో తెచ్చిన ఫ్లాష్‌మాటిక్ అనే రిమోటు టార్చిలైటులాంటిదే. ఆ వెలుగుని టీవీ మూలల్లోని కళ్లమీద వేస్తే చానెల్ మారేది. కిటికీలోంచి ఎండ పడినా మారేది! అందుకే మరుసటి ఏడాది అదే సంస్థ మనిషి చెవికి అందని శబ్దంతో పనిచేసే రిమోటు తీసుకొచ్చింది.

తలుపులూ గోడలూ అడ్డురాని దారి మరొకటుంది. సన్నటి తీగ!

ఇంతకీ ఏమిటీ ట్రిగ్గర్?

తుపాకీ ట్రిగ్గరు నొక్కే వేలికి తూటాని విసిరే బలం ఉండదు. ఆ బలమంతా మందుగుండుది. వేలు చేసేది సైగ మాత్రమే. ఇక్కడా అంతే.

రిసీవర్ వెనకాల 'ట్రిగ్గర్ ఔట్' అనే రంధ్రం ఉంటుంది. రిసీవర్ ఆన్‌లో ఉన్నంతసేపూ అందులో 12 వోల్టుల డీసీ ఉంటుంది. ఆఫ్ చేస్తే సున్నా. ఆంప్లిఫయర్ వెనకాల 'ట్రిగ్గర్ ఇన్' ఉంటుంది. రెండింటినీ ఒక తీగతో కలిపితే చాలు. 12 వోల్టులు వచ్చాయంటే 'నువ్వూ లే' అని, పోయాయంటే 'ఇక పడుకో' అని అర్థం. ఈ తీగలో పాట ప్రవహించదు, ఆంప్లిఫయర్‌ని నడిపే కరెంటూ ప్రవహించదు. సమాచారం ఒక్కటే... అవునా, కాదా!

తీగ కూడా ప్రత్యేకమైనదేం కాదు. పాత సెల్‌ఫోన్లలో ఇయర్‌ఫోను గుచ్చేవాళ్లమే, ఆ కొలత పిన్నే. 3.5 మిల్లీమీటర్లు. కాకపోతే ఇయర్‌ఫోను పిన్నుమీద రెండో మూడో నల్లగీతలుంటాయి. ట్రిగ్గర్ పిన్నుమీద ఒకటే ఉంటుంది, అంటే మోనో పిన్ను. సాధారణంగా దాని కొస ప్లస్, కింది భాగం మైనస్. కొన్ని ఆంప్లిఫయర్లకి పిన్ను బదులు స్క్రూతో బిగించే కనెక్టరు ఇస్తారు. అలాంటిచోట ఏది ప్లస్సో పెట్టెమీద చూసి మరీ బిగించాలి.

తాత టెలిగ్రాఫు, మనవడు ఆంప్లిఫయరు

ఇంత చిన్న కరెంటు 230 వోల్టుల పెట్టెని ఎలా లేపుతుంది? జవాబు తెలియని ఇల్లుండదు. ఫ్రిజ్ పక్కన స్టెబిలైజర్ 'టక్'మంటుంది చూడండి. కరెంటు పోగానే ఇన్వర్టరూ 'టక్'మంటుంది. ఆ చప్పుడు చేసేది రిలే.

రిలే లోపల సన్నటి రాగితీగ చుట్ట ఉంటుంది. దాన్లోకి 12 వోల్టులు పంపితే అది అయస్కాంతమవుతుంది. ఎదురుగా ఉన్న ఇనుప రేకుని లాగుతుంది. ఆ రేకు కదిలి, అసలు కరెంటు వెళ్లే రెండు కొనల్ని కలుపుతుంది. 12 వోల్టులు ఆగిపోగానే స్ప్రింగు రేకుని వెనక్కి లాగేస్తుంది. చుట్టకీ, 230 వోల్టుల కొనలకీ మధ్య విద్యుత్ సంబంధమే ఉండదు. లాగేది అయస్కాంత శక్తి అంతే. అందుకే ఈ తీగ చేతికి తగిలినా భయంలేదు.

బజారులో దొరికే అగ్గిపెట్టెకంటే చిన్న 12 వోల్టుల రిలే చుట్టకి నిరోధం 400 ఓములుంటుంది. అంటే అది తాగేది 30 మిల్లీఆంపియర్లు. వాట్లలో లెక్కేస్తే 0.36. అంత పిసరు శక్తితో వందల వాట్ల పెట్టె లేచి కూర్చుంటుంది.

ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ 1835 ప్రాంతంలోనే రిలేని చేసి చూపించాడు. దూరం పోయేకొద్దీ తీగలో కరెంటు నీరసించిపోతుంది. ఆ నీరసపు కరెంటుతో ఒక చిన్న అయస్కాంతాన్ని కదిలిస్తే, అది తాజా బ్యాటరీ ఉన్న మరో వలయాన్ని కలుపుతుంది. శామ్యూల్ మోర్స్ 1844లో వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి టెలిగ్రాఫు సందేశం పంపడానికి వెనకున్న ఆలోచన ఇదే. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో ఆగిపోయింది. దానికి ప్రాణం పోసిన రిలే మాత్రం ఫ్రిజ్ పక్కనా, ఆంప్లిఫయర్ కడుపులోనా టక్‌టక్‌మంటూనే ఉంది.

కొన్ని ఆంప్లిఫయర్లలో ట్రిగ్గర్ తీగ నేరుగా రిలేకి పోదు. ముందు ఆప్టోకప్లర్ అనే చిన్న ముక్కకి వెళుతుంది. అందులో ఒకవైపు బుల్లి ఎల్‌ఈడీ, రెండోవైపు వెలుతురు పడితే పనిచేసే ట్రాన్సిస్టరు. 12 వోల్టులొస్తే దీపం వెలుగుతుంది, అవతలివాడు చూసి తలుపు తీస్తాడు. ఇక్కడ రెండు పెట్టెల మధ్యా వెలుతురే రాయబారి.

కార్లో ఎప్పట్నుంచో ఉంది

కారు స్టీరియో బిగించే కుర్రాణ్ని అడిగితే ఇదంతా మాకు తెలిసిందేనంటాడు. డాష్‌బోర్డులో స్టీరియో, డిక్కీలో ఆంప్లిఫయరు. పాట పెట్టిన ప్రతిసారీ కారు ఆపి డిక్కీ తెరవడం కుదరదు కదా! అందుకే స్టీరియో వెనకనుంచి తెల్లచార ఉన్న నీలం తీగ ఒకటి డిక్కీదాకా లాగుతారు. స్టీరియో ఆన్ కాగానే అందులో 12 వోల్టులొస్తాయి, వెనకాల ఆంప్లిఫయర్ లేస్తుంది. రేడియో పెట్టగానే బానెట్ పక్కనుంచి దానంతటదే పైకొచ్చే ఏరియల్ ఉన్న పాత కార్లలోనూ కబురు మోసేది ఇలాంటి తీగే.

ఇంట్లోనూ ఈ తీగ ఆంప్లిఫయర్‌తోనే ఆగిపోదు. ప్రొజెక్టరు ఆన్ చేయగానే పైనుంచి తెర తనంతట తాను దిగడం, ఆపగానే చుట్టుకుపోవడం చూసి చుట్టాలు ముక్కున వేలేసుకుంటారు. అక్కడా పనిచేసేది ఇదే 12 వోల్టుల సైగ.

బిల్లులో ఎంత తేడా?

ఏ పాటా పాడకపోయినా ఆన్‌లో ఉన్న ఆంప్లిఫయర్ కరెంటు తాగుతూనే ఉంటుంది. ఎక్కువమంది వాడే ఏబీ తరగతి పెట్టెల్లో ఖాళీగా ఉండగానే 40, 50 వాట్లు లాగేవి ఉన్నాయి. ఏ తరగతివైతే మరీ దారుణం. పాడినా, పాడకపోయినా ఖర్చు దాదాపు ఒకటే. కొత్తగా వస్తున్న డి తరగతివి చాలా పొదుపరులు.

తాతయ్య ఇంటి లెక్క చూద్దాం. ఒక్కోటి 50 వాట్ల చొప్పున రెండు పెట్టెలకి 100 వాట్లు. రోజంతా ఆన్‌లో ఉంటే 2.4 యూనిట్లు, 30 రోజులకి 72 యూనిట్లు. పాట వినేది రోజుకి మూడు గంటలే అనుకుంటే నిజంగా అవసరమైంది తొమ్మిది. మిగతా 63 యూనిట్లూ అద్దం తలుపుని వెచ్చబెట్టడానికే! వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరిగే శ్లాబుల లెక్కలో ఇది చిన్నదేమీ కాదు.

ట్రిగ్గర్ కోసం ఎదురుచూసే ఆంప్లిఫయరూ కాస్త కరెంటు తీసుకుంటుంది. కానీ అది పిసరంత. ఐరోపా సమాఖ్య 2008లో చేసిన నిబంధన ప్రకారం ఇంట్లో వాడే ఇలాంటి పరికరాలు స్టాండ్‌బైలో 2010 నుంచి ఒక వాటుకీ, 2013 నుంచి అర వాటుకీ మించి లాగకూడదు. అక్కడ అమ్మాలంటే ఇది పాటించాల్సిందే కాబట్టి ప్రపంచమంతా అమ్ముడయ్యే మోడళ్లకీ ఆ మేలు దక్కింది. అర వాటు అంటే నెలంతా కలిపినా అర యూనిట్ దాటదు.

డబ్బు ఒక్కటే కాదు. లోపలి కెపాసిటర్లకి వేడి శత్రువు. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఉజ్జాయింపుగా చెబుతారు. గాలాడని అరలో 24 గంటలూ ఉడికే పెట్టె ఎంతకాలం ఉంటుంది?

వచ్చేటప్పుడు ఆఖరు, పోయేటప్పుడు మొదట

పవర్ ఆంప్లిఫయర్ విషయంలో మెకానిక్కులు చెప్పే సూత్రమిది. ఆంప్లిఫయర్ ముందే మేలుకుని ఉండగా రిసీవర్‌ని ఆన్ చేస్తే, అది లేస్తూ చేసే చిన్న కుదుపుని కూడా ఆంప్లిఫయర్ పాటే అనుకుని ఎన్నో రెట్లు చేసి స్పీకర్‌కి పంపుతుంది. 'ధబ్' మంటుంది. రోజూ ఇలాంటి దెబ్బలు తింటే స్పీకర్‌కి మంచిది కాదు. ట్రిగ్గర్ తీగ ఉంటే రిసీవర్ ముందు లేచి, తరవాత ఆంప్లిఫయర్‌ని లేపుతుంది. సైగ ఇచ్చేముందు కొన్ని సెకన్లు ఆగమని చెప్పే వీలు కూడా కొన్నింట్లో ఉంటుంది.

ఆ ఆలస్యంతో మరో లాభం. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, ఖాళీ కెపాసిటర్లు ఉన్న ఆంప్లిఫయర్ లేచే క్షణంలో ఒక్క గుక్కలో ఎంతో కరెంటు తాగుతుంది. రెండుమూడు పెట్టెలు ఒకేసారి లేస్తే మీటరు దగ్గర ఎమ్‌సీబీ పడిపోవచ్చు. ఒకదాని తరవాత ఒకటి లేస్తే ఆ బాధ ఉండదు.

కరెంటు కోతల సంగతీ చెప్పుకోవాలి. వెనక స్విచ్చు ఎప్పుడూ ఆన్‌లో ఉన్న ఆంప్లిఫయర్, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అర్ధరాత్రయినా సరే, ఇంట్లో ఎవరూ లేకున్నా సరే ఉలిక్కిపడి లేస్తుంది. కరెంటు వచ్చిన ఆ మొదటి క్షణాల్లో వోల్టేజీ ఎటు ఊగుతుందో చెప్పలేం. ట్రిగ్గర్‌కి కట్టేస్తే రిసీవర్ పిలిచేదాకా అది కదలదు.

సెట్టింగు దగ్గరే తకరారు

తాతయ్య ఇంట్లో మనవడు తీగ తెచ్చి గుచ్చాడు. ఏమీ కాలేదు! తీగ మంచిది కాదన్నారొకరు, పెట్టె పాడైందన్నారొకరు. చివరికి తేలిందేమిటంటే, ఆంప్లిఫయర్ వెనకాల చిన్న జారుడు మీట ఒకటుంది. ఆన్, ఆటో, ట్రిగ్గర్ అని మూడు గుర్తులు. అది ఇంకా 'ఆన్' దగ్గరే ఉంది. దాన్ని ట్రిగ్గర్ వైపు జరిపి, వెనకున్న పెద్ద స్విచ్చుని ఆన్‌లోనే వదిలేయాలి. పెద్ద స్విచ్చు ఆపేస్తే ఎన్ని సైగలు చేసినా ఫలితం ఉండదు. రెండో పెట్టెకి వెళ్లే తీగని తొందర్లో 'ఇన్'లో కాకుండా 'ఔట్'లో పెట్టాడు. అదీ సరిచేశాడు. రిసీవర్ మెనూలో ట్రిగ్గర్ ఏ గదికి పనిచేయాలో ఎంచుకునే చోట హాలుని ఎంచుకున్నాడు. అప్పుడు రిమోటు నొక్కితే కింది అరలోంచి 'టక్... టక్'మని రెండు చప్పుళ్లు!

ఆ మీటమీద ఉండే 'ఆటో' సంగతి కూడా తెలుసుకోవాలి. తీగ అక్కర్లేకుండా, పాట రావడాన్ని పసిగట్టి ఆంప్లిఫయర్ తనే లేచే పద్ధతి అది. బాగానే ఉంటుందిగానీ రాత్రిపూట శబ్దం బాగా తగ్గించి వింటే 'ఎవరూ లేరు' అనుకుని మధ్యలో నిద్రపోతుంది. పాట మొదట్లో ఒకటి రెండు క్షణాలు మింగేస్తుంది కూడా.

రిసీవర్‌కి ట్రిగ్గరే లేకపోతే?

దారులున్నాయి. కొన్ని పాత రిసీవర్ల వెనకాల 'స్విచ్‌డ్' అని రాసిన కరెంటు సాకెట్ ఉంటుంది. రిసీవర్ ఆన్‌లో ఉంటేనే అందులో కరెంటు వస్తుంది. దానికి 12 వోల్టుల అడాప్టర్ గుచ్చి, దాని తీగని ఆంప్లిఫయర్ ట్రిగ్గర్‌కి ఇస్తే సరి. కొందరు టీవీ వెనకున్న యూఎస్‌బీ నుంచి వచ్చే ఐదు వోల్టుల్ని వాడుకుంటారు. ఆంప్లిఫయర్ ఐదు వోల్టులకే స్పందిస్తుందో లేదో పుస్తకంలో చూసుకోవాలి. టీవీ ఆపినా యూఎస్‌బీలో కరెంటు ఆగని మోడళ్లూ ఉన్నాయి. ముందు ఏ మొబైలో గుచ్చి, టీవీ ఆపాక చార్జింగు ఆగుతుందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

కోఠీ గుజరాతీ గల్లీలో భాగాలు కొని సొంతంగా ఆంప్లిఫయర్ కట్టుకునేవాళ్లూ రిలే పెట్టుకోవచ్చు. ఒక్కమాట మరిచిపోకూడదు. రిలే చుట్టకి అడ్డంగా 1ఎన్4007 లాంటి డయోడు వేయాలి, అదీ తిరగేసి. కరెంటు ఆగిన క్షణంలో ఆ చుట్ట ఎదురు తన్నులాంటి వోల్టేజీని పుట్టిస్తుంది. డయోడు లేకపోతే ఆ దెబ్బ వెళ్లి రిసీవర్‌కి తగులుతుంది.

ఇక అసలు ప్రమాదం. తాతయ్య ఇంటికొచ్చిన ఎలక్ట్రీషియన్ మొదట చెప్పిన ఉపాయం ఏమిటో తెలుసా? ఆంప్లిఫయర్ల ప్లగ్గుకి పొడవాటి తీగ వేసి, తివాచీ కిందుగా లాక్కొచ్చి, సోఫా చేతికి ఓ స్విచ్చు బిగిస్తానన్నాడు. కాళ్లకింద నలిగే తీగలో 230 వోల్టులు! పైగా కర్రసాయంతో నడిచే మనిషి, అప్పుడప్పుడు వచ్చే పసిపిల్లలు. కోడలు వద్దంది కాబట్టి సరిపోయింది. 230 వోల్టులు పెట్టెలోనే ఉండాలి, మనిషి తిరిగేచోటికి 12 వోల్టులే రావాలి. తక్కువ వోల్టేజీ ట్రిగ్గర్ పుట్టిందే అందుకు. సొంతంగా కట్టినా, కట్టించినా 230 వోల్టుల వైపు పని మాత్రం తెలిసినవాళ్లతోనే, ఎర్తింగు ఉన్న మూసిన పెట్టెలోనే చేయించాలి.

తీగ గుచ్చేముందు...

* రిసీవర్, ఆంప్లిఫయర్... రెండింటి ప్లగ్గులూ తీసేశాకే పని మొదలుపెట్టాలి.

* రిసీవర్ ట్రిగ్గర్ ఎన్ని మిల్లీఆంపియర్లు ఇవ్వగలదో పుస్తకంలో ఉంటుంది. 100 ఇవ్వగలిగితే 30 తీసుకునే పెట్టెలు మూడింటిని లేపొచ్చు. నాలుగోది వద్దు.

* ఆంప్లిఫయర్‌కి 'ట్రిగ్గర్ ఔట్' కూడా ఉంటే అక్కణ్నుంచి తరవాతి పెట్టెకి తీగ ఇవ్వొచ్చు. గొలుసులా సాగుతుంది.

* 'ఔట్'నుంచి 'ఇన్'కే. రెండు 'ఔట్'లని ఎప్పుడూ కలపకూడదు.

* తీగ పెట్టాక స్పీకర్లలో సన్నటి 'హూం' మొదలైతే, రెండు పెట్టెల ఎర్తులూ ఆ తీగ ద్వారా కలిసి ఉండొచ్చు. తీగ తీసి చూడండి. శబ్దం ఆగితే మధ్యలో రిలేగానీ ఆప్టోకప్లర్‌గానీ పెడితే పోతుంది. అంతేగానీ ప్లగ్గులోని ఎర్తు పిన్ను మాత్రం తీసేయొద్దు.

* అర తలుపులు కాస్త తెరిచి ఉంచండి. ట్రిగ్గర్ ఉన్నా పాడేటప్పుడు వేడి తప్పదు.

ఇప్పుడా ఇంట్లో ఉదయం ఐదున్నరకి 'టక్... టక్'మంటుంది. ఆ వెనకే సుప్రభాతం. పాటలయ్యాక తాతయ్య రిమోటు మళ్లీ నొక్కుతాడు. కింది అరలో దీపాలు ఆరిపోతాయి. ఎవర్నీ లేపక్కర్లేదు, ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. సాయంత్రం బడినుంచి రాగానే కోడలు అలవాటుకొద్దీ అద్దం తలుపు ముట్టుకుని చూస్తుంది.

చల్లగా ఉంటుంది.